అచ్చులో చదివిందీ – తెరమీద చూసిందీ

హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక ఏదో ఒక వాదన జరగకపోతే ఎవరికీ నిద్ర పట్టదు. క్రికెట్టు మీదా, రాజకీయాల మీదా, మెస్సులో నీళ్ల సాంబారు మీదా జరిగే వాదనల్లో నేను వట్టి శ్రోతని. ఒక్క విషయంలో మాత్రం నన్ను ఎవరూ కూర్చోబెట్టలేరు. "ఫలానా నవల కంటే దాని సినిమాయే బావుందిరా" అని ఎవడైనా అన్నాడా, ఇక వాడి పని అయిపోయినట్టే. మొదటి రెండేళ్లూ నవల పక్షాన నిలబడి వాదించి ఎందరో మిత్రుల నిద్ర చెడగొట్టాను. వారికి ఈ సంచికా ముఖంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. అవతలి పక్షంలోకి ఫిరాయించానని కాదు. అసలు మా వాదనే తప్పు ప్రశ్న మీద నిలబడిందని ఈమధ్య నాకు తెలిసివచ్చింది. అదెలాగో చెప్పడానికే ఈ నాలుగు పేజీలూ.

ముందు నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. మాది మార్కాపురం వైపు, నల్లమల కొండలు కనబడే ఒక మెట్ట పల్లె. బోరులో నీళ్లుంటే మిరప, లేకపోతే కంది. అదీ మా సేద్యం. పంచాంగం, పట్టాదారు పాసుపుస్తకం – మా ఇంట్లో భద్రంగా దాచే పుస్తకాలు ఈ రెండే. అలాంటి ఇంట్లో పుట్టిన నేను పుస్తకాల పురుగునవ్వడానికి కారణం మా మేనత్త అత్తారింటికి పోతూ వదిలిపెట్టిన ఒక రేకు పెట్టె. అందులో వారపత్రికల్లోంచి చింపి, దబ్బనంతో కుట్టి, పైన సిమెంటు సంచీ కాగితంతో అట్ట వేసిన సీరియల్ నవలలుండేవి. కొన్నింటికి మొదలు లేదు, కొన్నింటికి చివర లేదు. ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లో ఆ పెట్టె మొత్తం చదివేశాను. ఆడవాళ్ల నవలలు చదువుతున్నానని మా అవ్వ నవ్వేది. ఆ తర్వాత మండలంలోని శాఖా గ్రంథాలయం దొరికింది. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు.

ఆ పెట్టెలో యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' అట్ట లేకుండా ఉండేది. అది 1976లో సినిమాగా వచ్చింది. తర్వాత కొన్నేళ్లకి మా అత్త దాన్ని టూరింగు టాకీసులో చూసిందట. "ఎట్టా ఉంది అత్తా?" అని అడిగాను. "నేను అనుకున్న రాజశేఖరం వేరబ్బాయ్. పాతికేళ్లవాడు, నిలువెత్తు మనిషి. తీరా చూస్తే నాగేశ్వరరావు వచ్చాడు" అంది. 1923లో పుట్టిన అక్కినేనికి అప్పటికి యాభై దాటాయి మరి. "అయితే బాగోలేదా?" అన్నాను. "బాగోకపోవడమేంది, నాగేశ్వరరావు కదా!" అంది. కాసేపాగి, "కానీ ఆ తర్వాత పుస్తకం ఎన్నిసార్లు తీసినా నా రాజశేఖరం మళ్లీ రాలేదురా. నాగేశ్వరరావే వచ్చాడు" అంది.

ఆ మాట నా మనసులో మేకులా దిగింది. చదివే ప్రతి మనిషికీ ఒక రాజశేఖరం ఉంటాడు. సినిమా వచ్చి అందరి రాజశేఖరాల్నీ తీసేసి ఒక్కణ్ణి కూర్చోబెడుతుంది. సినిమాల మీద నా అభియోగపత్రంలో మొదటి ఆరోపణ అది.

రెండో ఆరోపణ, పేరు. కోడూరి కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణం' సినిమా అయ్యేసరికి 'డాక్టర్ చక్రవర్తి' (1964) అయింది. మంచి సినిమాయే, ఆ ఏడాది నంది బహుమతి కూడా పొందింది. కానీ నవల పేరులో ఉన్న తాత్పర్యం పోయి, హీరో పేరు మిగిలింది కదా అని నా బాధ.

మూడో ఆరోపణ, మూలంలో లేనిది చేర్చడం. 'కన్యాశుల్కం' 1897లో మొదట అచ్చయింది, గురజాడవారు దాన్ని పెంచి తిరగరాసిన కూర్పు 1909లో వచ్చింది. పి. పుల్లయ్యగారు 1955లో దాన్ని సినిమా తీశారు. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. అందులో 1910లో పుట్టిన శ్రీశ్రీ గేయం వినబడుతుంది. "కవి పుట్టకముందే అతని పాట ఎలా వచ్చిందిరా?" అని నేను బల్ల గుద్దితే, నా గదిలో ఉండే గణితం మిత్రుడు, "పాట బావుందా లేదా అది చెప్పు" అనేవాడు. బావుంది. అదే నా కోపం.

నా గోడు ఇలా సాగుతుండగా ఒకసారి నేనే బోల్తాపడ్డాను. ఇంటర్లో బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది' చదివి నెలరోజులు దయానిధిలాగా నడిచాను. అదే పేరుతో 1960లో సావిత్రి నటించిన సినిమా ఉందని తెలిసి, సెల్లులో పెట్టుకుని కూర్చున్నాను. ఆస్పత్రి కనబడింది. దయానిధి డాక్టరే కదా, సరిపోయింది అనుకున్నాను. అతని కోసం సినిమా అయిపోయేదాకా ఎదురుచూశాను. దయానిధి రాలేదు. ఆ సినిమాకి మూలం ఒక బెంగాలీ చిత్రమట, నవలకీ దానికీ పేరు తప్ప చుట్టరికం లేదు. అప్పుడు కూడా నాకు బుద్ధి రాలేదు. "చూశారా, నవల పేరు కూడా వదల్లేదు వీళ్లు!" అని హాస్టల్లో మరో గంట వాదించాను.

బుద్ధి వచ్చింది 'పథేర్ పాంచాలి' దగ్గర. విభూతిభూషణ్ బందోపాధ్యాయ నవలని మద్దిపట్ల సూరిగారి తెలుగులో చదివాను. అపూ, దుర్గ అని అన్నాచెల్లెళ్ల వరసలో కాక, అక్కాతమ్ముళ్ల వరసలో ఇద్దరు పేద పిల్లలు. దుర్గకి రైలు చూడాలని ఆశ. నవలలో ఆ పిల్ల రైలు చూడకుండానే చచ్చిపోతుంది. అది చదివి పుస్తకం మూసేసి చేలోకి వెళ్లిపోయాను. మా చెల్లెలు అన్నానికి పిలిచినా పలకలేదు.

నిరుడు మన కాలేజీలో ఒక అధ్యాపకులు సత్యజిత్ రాయ్ తీసిన సినిమా (1955) మాకు వేసి చూపించారు. అందులో దుర్గ, అపూ రెల్లు పూల మధ్య పరిగెత్తుకుంటూ పోయి రైలు చూస్తారు. నాకు మండింది. చూడకుండా చచ్చిపోవడంలోనే కదా ఆ పిల్ల దుఃఖమంతా ఉన్నది! సినిమా అయ్యాక లేచి నిలబడి అదే అడిగాను. ఆయన వాదన పెట్టుకోలేదు. ఆ దృశ్యం కథ ఒకటి చెప్పారు. 1952 అక్టోబరులో ఒకరోజు ఆ రెల్లుపొదల్లో సగం షూటింగు చేశారట. మళ్లీ వారానికి వెళ్లి చూస్తే పువ్వు లేదు. గొడ్లు మొత్తం మేసేశాయి. రెల్లు మళ్లీ పూసేదాకా, అంటే మరుసటి సంవత్సరం దాకా, ఆ దృశ్యం కోసం ఆగారు. ఈ సంగతి రాయ్ స్వయంగా రాసుకున్నారు.

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. అదను కోసం ఏడాది ఆగడం అంటే ఏమిటో రైతు బిడ్డకి వేరే చెప్పాలా? డబ్బుల్లేని మనిషి ఒక్క పూత కోసం ఏడాది కాచుకున్నాడంటే, ఆయన ఆ పిల్లకి అన్యాయం చెయ్యాలని కాచుకోలేదు కదా. నవల రైలు చూపించకుండా ఏడిపించింది. సినిమా ఒక్కసారి చూపించి, ఆ తర్వాత పిల్లని తీసుకుపోయి ఏడిపించింది. దారులు రెండు, చేరిన ఊరు ఒకటే.

కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో స్ఫటికీకరణం చేసినవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. పదార్థాన్ని వేడి ద్రావణిలో పూర్తిగా కరిగిస్తాం, వడపోసి చల్లారనిస్తాం, స్ఫటికాలు దిగుతాయి. ద్రావణి మారిస్తే అదే పదార్థం వేరే ఆకారంలో స్ఫటికమవుతుంది. ఆకారం మారిందని పదార్థం మారిందంటామా? అయితే ఇంకొకటి కూడా ఉంది. బీకరులో మిగిలిపోయిన ద్రావణాన్ని మనం సింకులో పారబోస్తాం చూడండి, అందులో మలినంతో పాటు మంచి పదార్థం కూడా కొంత పోతుంది. మూడొందల పేజీలు రెండున్నర గంటలయ్యేటప్పుడు ఏది పారబోశారు, ఏది దించారు? అడగవలసిన ప్రశ్న అది. "నవలలో ఉన్నట్టే ఉందా" అన్నది కాదు.

ఇంతవరకూ తెలివితేటల సంగతి. అసలు సంగతి మా ఇంట్లో జరిగింది.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి 'కొండపొలం' తానా బహుమతి పొంది 2019లో వచ్చిన నవల. కరువు కాలంలో మేతా నీళ్లూ లేక కడప జిల్లా కాపరులు గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కడం, దాని కథ. ఆ మందతో పాటు రవి అనే కుర్రవాడు వెళతాడు. ఇంజనీరింగు చదివాడు, పట్నంలో ఉద్యోగం రాలేదు, ఇంటర్వ్యూల్లో నోరు పెగలదు. నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా అది చదివాను. చదివానని ఎవరికీ చెప్పలేదు, హాస్టల్లో దాని మీద వాదించనూ లేదు. కారణం సిగ్గు. ఆ సంవత్సరమే క్లాసు సెమినార్లో ఇంగ్లీషులో పది నిమిషాలు మాట్లాడమంటే, రెండు నిమిషాలకే గొంతు ఎండిపోయి, బోర్డు వైపు తిరిగి నిలబడిపోయాను. ఆ తర్వాత మూడు రోజులు క్లాసుకి పోలేదు. ఇంటికి ఫోను చేసినప్పుడు "చదువు బానే ఉంది నాయనా" అని చెప్పేవాణ్ణి. రవి సంగతి రవికీ నాకూ తెలుసు, చాలు అనుకున్నాను. పుస్తకం చేసే మేలు అదే, అన్యాయమూ అదే. మన గుట్టు మనదగ్గరే ఉంచుతుంది.

ఈ నవలని క్రిష్ దర్శకత్వంలో 2021లో సినిమాగా తీశారు. నిరుడు సంక్రాంతి సెలవుల్లో ఒకరాత్రి ఇంట్లో టీవీలో పెట్టాం. నాయన మూడో తరగతితో చదువు ఆపిన మనిషి. బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతాడు, సంతకం బాగా పెడతాడు. సినిమాకైతే మంచి విమర్శకుడు. తండ్రి గురప్ప వేషంలో సాయిచంద్‌ని చూడగానే, "ఫిదాలో పిల్ల నాయన గదరా" అన్నాడు. కథానాయిక పాట అందుకోగానే, "కరువుకి కొండెక్కినోళ్లకి పాటలు యాడ తీరతాయిరా" అని చుట్ట ముట్టించాడు. ఓబులమ్మ అనే ఆ పిల్ల నవలలో లేదు, సినిమా కోసం కల్పించిన పాత్ర. నేను లోలోపల సంతోషించాను. మా చెల్లెలు మాత్రం ఒప్పుకోలేదు. "మగోళ్లే గొర్లు కాస్తారా? ఆ అక్క ఉంటేనే బావుంది" అంది. సినిమాలో చాలా భాగం వికారాబాద్ అడవుల్లో తీశారని నేను చెబితే నాయన తలాడించాడు. "అదే చూస్తన్నా. మన కొండ మాదిరి లేదు" అన్నాడు.

ఇంతలో ఇంటర్వ్యూ దృశ్యం వచ్చింది. కుర్రవాడు చెమటలు పట్టి తడబడుతున్నాడు. నాయన చుట్ట పక్కన పెట్టేశాడు. టీవీ వైపే చూస్తూ, నా వైపు తిరక్కుండా, మెల్లగా అడిగాడు – "నువ్వూ అట్నే తడబడతావంట్రా?"

అమ్మ నా వంక చూసింది. ఏం చెప్పను? రెండేళ్లుగా దాచిన సంగతి. "తడబడతా నాయనా" అన్నాను. సెమినార్ సంగతి, మూడు రోజులు గదిలో పడుకున్న సంగతి, అంతా చెప్పేశాను. సినిమా దాని మానాన అది నడుస్తూనే ఉంది. నాయన కోప్పడలేదు. కాసేపటికి, "బ్యాంకులో మేనేజరు ముందు నేనూ అట్నే నిలబడతారా. లోనుకి పోయినప్పుడల్లా మాట రాదు. నువ్వు చదువుకున్నోడివి, నీకు వస్తదనుకున్నా" అన్నాడు.

మిత్రులారా, ఆ పూట నాకు తెలిసింది. ఆ పుస్తకం నాకు రెండేళ్ల కిందటే తోడు దొరికేట్టు చేసింది. కానీ మా ఇంట్లో ఆ మాట పైకి రావడానికి సినిమా కావలసివచ్చింది. నలుగురం ఒకే గదిలో కూర్చుని, ఒకే తెర వైపు చూస్తూ, ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేకుండా మాట్లాడుకున్నాం. పుస్తకం ఆ పని చెయ్యలేకపోయింది. తప్పు పుస్తకానిది కాదు, దాన్ని దాచుకున్న నాది.

సినిమా అయ్యాక నాయన ఇంకో మాట అడిగాడు: "ఇది పుస్తకం ఉందన్నావే. దాంట్లో గొర్ల సంగతి ఇంకా ఉంటదా?" ఉంటుందన్నాను. "అయితే చదువు" అన్నాడు.

అప్పటికి మిరప మొదటి కోత కళ్లంలో పడింది. రాత్రిళ్లు కాపలాకి పోవాలి. మంచుకి తడవకుండా కాయల మీద పట్టాలు కప్పి, పక్కన మంచం వేసుకుని, చార్జింగ్ లైటు వెలుతురులో చదవడం మొదలుపెట్టాను. మొదటి రాత్రి ఇద్దరమే. రెండో రాత్రికి పక్క కళ్లాలవాళ్లు ముగ్గురొచ్చారు. మూడో రాత్రి, ఏటా మా చేలో మంద నిలిపే కాపరి పెద్దయ్య వచ్చాడు. ఎరువు కోసం మేం ఆయన మందని రాత్రిళ్లు చేలో కట్టించుకుంటాం. వయసులో ఉండగా ఆయనే నల్లమల ఎక్కి వచ్చిన మనిషి. సినిమా చూడలేదు. గొర్రెల మాట వచ్చినప్పుడల్లా "ఆఁ" అనేవాడు. పులి అలికిడికి మంద బెదిరే చోట చెయ్యెత్తి ఆపి, "ఆ ముక్క మళ్లా చదువు నాయనా" అన్నాడు. మళ్లీ చదివాను. "రాసినాయన ఎవరో గాని గొర్లెనక నడిచిన మనిషే" అని తేల్చేశాడు. ఆ మాట కంటే పెద్ద బహుమతి ఏ రచయితకైనా ఉంటుందా?

పైకి చదువుతుంటే నాకు ఇంకో సంగతి కూడా అర్థమయింది. సినిమాకి తొందర. రెండున్నర గంటల్లో మందని కొండ ఎక్కించి దించాలి. నవల గొర్రె నడక నడుస్తుంది. నీళ్ల కోసం వెతుకులాట తెరమీద నాలుగు నిమిషాలు. నా నోటితో చదివితే మాకు ఒక రాత్రి పట్టింది. ఆ రాత్రంతా కళ్లం దగ్గర ఎవరూ బీడీ కోసం కూడా లేవలేదు. బోరెండిపోయిన ఏడు గుర్తొచ్చి కాబోలు. స్ఫటికం దిగాక బీకరులో మిగిలిపోయిందని నేను చెప్పిన మంచి పదార్థం ఇదే.

ఇంకొక లాభం కూడా కలిగింది. ఐదుగురి ముందు, చీకట్లో, పది రాత్రులు గొంతెత్తి చదివిన నేను ఈ సంవత్సరం సెమినార్లో పది నిమిషాలూ నిలబడి మాట్లాడాను. రెండు చోట్ల ఆగాను, అయినా పూర్తిచేశాను. ఆ రాత్రే నాయనకి ఫోను చేసి చెప్పాను.

అప్పట్నుంచి రైతుల మీద, కూలీల మీద తీసిన సినిమాలు వెతుక్కుని చూడటం మొదలెట్టాను. రెండింటి సంగతి చెప్పి తీరాలి. మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' (1977) కి మూలం ప్రేమ్‌చంద్ 'కఫన్'. ఆ చిన్న కథలో తండ్రీ కొడుకులు గుడిసె బయట కూర్చుని దుంపలు కాల్చుకు తింటుంటే, కోడలు లోపల పురిటి నొప్పులతో మూలుగుతుంటుంది. కథంతటిలో ఆమెకి మూలుగే గాని మాట లేదు. మృణాల్ సేన్ ఆమెకి పేరు మార్చి, పెళ్లి, కాపురం, కష్టం, కోపం అన్నీ ఇచ్చారు. అదీ మూలంలో లేనిది చేర్చడమే. కానీ ఎంత అవసరమైన చేర్పు! ఆ సినిమా చూశాక శ్రీశ్రీ పాట మీద నా మూడో ఆరోపణని నేనే కొట్టేశాను. చేర్చడం నేరం కాదు. కథ అడిగినందుకు చేర్చారా, టిక్కెట్లు అడిగినందుకు చేర్చారా అన్నదే చూడాలి. ఓబులమ్మ విషయంలో మాత్రం నాకూ మా చెల్లెలికీ ఇంకా రాజీ కుదరలేదు.

రెండోది 'మాభూమి'. కృషన్ చందర్ ఉర్దూలో రాసిన 'జబ్ ఖేత్ జాగే' దానికి మూలం. నవలలో తెలంగాణ పోరాటంలో పట్టుబడిన రాఘవరావు, ఉరితీతకి ముందు రాత్రి జైల్లో కూర్చుని తన జీవితాన్ని తలుచుకుంటాడు. 1979లో బి. నర్సింగరావు నిర్మాతగా గౌతమ్ ఘోష్ తీసిన సినిమాలో అతను రామయ్య. జైలు గోడల మధ్య కాక, ఊళ్లో, చేలో, గడీ ముందు అతని కథ మన కళ్లెదుట నడుస్తుంది. ఉర్దూ రచయిత, బెంగాలీ దర్శకుడు, తెలుగు పల్లె! మూలానికి దగ్గరా దూరమా అని కొలిచే నా పాత కొలబద్ద ఇక్కడ పనికిరాలేదు. ఆ సినిమా మట్టికి దగ్గరగా ఉంది.

ఆ రామయ్య ఎవరనుకున్నారు? మా నాయన గుర్తుపట్టిన సాయిచందే. పాతికేళ్లయినా లేని రామయ్యగా మొదలై, నలభై ఏళ్ల తర్వాత కొండపొలంలో గురప్పగా వచ్చాడు. ఆయన తండ్రి 'అసమర్థుని జీవయాత్ర' (1947) రాసిన త్రిపురనేని గోపీచంద్. ఆ గోపీచంద్ కూడా సినిమాలకి దర్శకత్వం వహించినవారే. నవలకీ సినిమాకీ మధ్య నేను గోడ కట్టి కాపలా కాస్తుంటే, వాళ్లింట్లో ఆ రెండూ ఒకే పంక్తిలో కూర్చుని భోంచేశాయన్నమాట!

ఇక నేను చెప్పదలచుకున్నది చెప్పి ముగిస్తాను. "నవల గొప్పదా, సినిమా గొప్పదా" అనే వాదన చదువు వచ్చినవాళ్లం మనం మనలో మనం చేసుకునే వాదన. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం. మిగిలిన వాళ్లకి ఈ పోటీయే లేదు, ఎందుకంటే వాళ్లకి ఒక జట్టే తెలుసు. "పుస్తకం ముందు సినిమా ఎంత!" అని నేను రెండేళ్లు మీసం మెలేసినప్పుడల్లా, మా నాయనకి తెలియని దాన్ని పట్టుకుని మా నాయన మీదే పెద్దరికం చేశానని ఇప్పుడు సిగ్గేస్తుంది. ఇంకో లెక్క చూడండి. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు పడుతుంది. మా నాయన ఇన్నేళ్లూ అది కడుతూనే ఉన్నాడు. నేను చదివిన పుస్తకాల ఖరీదులో ఆ పైసలున్నాయి. కట్టినవాడు గుమ్మం బయట, చదివినవాణ్ణి నేను లోపల. అప్పు ఎవరు ఎవరికి ఉన్నట్టు?

కాబట్టి విద్యార్థి సంఘానికి నావి మూడు మనవులు. ఒకటి – కాలేజీలో నవల మీద తీసిన సినిమా వేసినప్పుడల్లా, ఆ నవల ప్రతులు నాలుగైనా మన లైబ్రరీ ఆ వారానికి బయట బల్ల మీద పెట్టించాలి. సినిమా చూసినవాడి ఆకలి వారం రోజులకి మించి ఉండదు. రెండు – ఎన్.ఎస్.ఎస్. శిబిరాల్లో మనం ఏడు రోజులు ఊళ్లలో ఉంటాం. పగలు రోడ్లు ఊడుస్తాం, రాత్రి మనలో మనమే పాటలు పాడుకుంటాం. అందులో అరగంట, రచ్చబండ దగ్గర ఒక కథ పైకి చదువుదాం. వినేవాళ్లు రారని అనుకోకండి, మా కళ్లం దగ్గరికి పిలవకుండానే వచ్చారు. మూడు – పూర్వ విద్యార్థులకి. ఈ కాలేజీకి ఏదైనా ఇవ్వాలనుకునేవారు ఫ్యానులూ, గడియారాలూ మాత్రమే కాక, మీ ఊరి శాఖా గ్రంథాలయానికి నాలుగు నవలలు కూడా ఇవ్వండి. ఎక్కడో ఒక పల్లెలో నాలాంటివాడొకడు రేకు పెట్టె అయిపోయి, తర్వాతది ఏమిటా అని చూస్తుంటాడు.

సినిమాని సినిమావాళ్లు ఊరి దాకా తెస్తారు, వాళ్ల డబ్బు కోసమైనా సరే. పుస్తకాన్ని తేవలసింది మనం. మనకి చదవడం వచ్చు గనుక.

'కొండపొలం' మేం పూర్తిచెయ్యలేదు. సెలవులైపోయాయి, కాయలు గుంటూరు యార్డుకి పోయాయి, కళ్లం ఎత్తేశాం. ఇంకా కొన్ని పేజీలు మిగిలాయి. బస్సెక్కేటప్పుడు పుస్తకం సంచీలో పెట్టుకోబోతే నాయన చెయ్యి పట్టుకున్నాడు. "అది ఈడ పెట్టిపో. చెల్లి చదువుద్ది" అన్నాడు. పదిహేను రోజులకి ఫోను చేశాడు. మిరప ధర చెప్పాడు, ఎద్దు కాలు సంగతి చెప్పాడు. పెట్టేసే ముందు, కొంచెం మొహమాటంగా, "పుస్తకం అయిపోయింది అబ్బాయ్. ఇంకోటి ఉంటే తీసుకురా. పెద్దయ్య అడుగుతున్నాడు" అన్నాడు.

పెద్దయ్య పేరు చెప్పాడు గాని, అడిగింది ఎవరో నాకు తెలుసు.